పింక్ ఫ్లాయిడ్ తొలి ఎల్పీ ‘పైపర్’: మోనోనా, స్టీరియోనా? ‘బైక్’ దగ్గర గొంతు ఎందుకు చీలుతోంది?

కొత్తప్లేటు (విశాఖ)

2016లో వచ్చిన 180 గ్రాముల స్టీరియో ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ తీసుకున్నాను. మొదటి వైపు హాయిగా ఉంది. రెండో వైపు ‘ద స్కేర్‌క్రో’ నుంచి తేడా మొదలై, ‘బైక్’కి వచ్చేసరికి గొంతు చీలుతోంది. ‘స’ వచ్చిన ప్రతిచోటా ఉమ్మినట్టు వినిపిస్తోంది. కుడి స్పీకర్లో మరీ ఎక్కువ. బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్, ఆడియో టెక్నికా విఎమ్95ఇ కార్ట్రిడ్జ్ (సూది ఉండే ముక్క), కంపెనీవాళ్ళు బిగించి పంపిందే, నేను ముట్టుకోలేదు. లోపం ప్లేటుదా, సూదిదా? ఇదే ఆల్బమ్ మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) కొంటే ఈ బాధ పోతుందా?

గాడిలో_ముల్లు (హైదరాబాద్)

మోనో సంగతి తర్వాత. ముందు గరగర చూద్దాం తమ్ముడూ.

ప్లేటు అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు 51 సెంటీమీటర్లు పోతది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అదే 21 సెంటీమీటర్లు. తిరుగుడు 33⅓ మారదు గానీ చుట్టు చిన్నదైతది కదా. 10 కిలోహెర్ట్జ్ శబ్దం బయట 51 మైక్రాన్ల పొడవులో పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటది. నీ విఎమ్95ఇ సూది కొన ఎలిప్టికల్, పక్క అంచు 8 మైక్రాన్ల దాకా ఉంటది. బయట అలవోకగా తిరిగే మలుపు లోపల ఒరుసుకుంటది. ఈ ఎల్పీ రెండో వైపు 21 నిమిషాలు, ‘బైక్’ చివరి 3 నిమిషాల 21 సెకన్లు. గొంతు ముందుకొచ్చి ‘స’లు గట్టిగ పలికే పాటని తెచ్చి సరిగ్గ ఆ ఇరుకులో పెట్టిన్రు.

అయినా సెట్టింగు సరిగ్గ ఉంటే ఎలిప్టికల్ తోని కూడా ఇంత చీలదు. కుడి స్పీకర్లో ఎక్కువ అన్నవ్ చూడు, అదే అసలు గుర్తు. ఎడమ చానెల్ గాడి లోపలి గోడ మీద, కుడి చానెల్ బయటి గోడ మీద ఉంటయి. ఆర్మ్ సహజంగ మధ్యకు లాగుతది, సూది లోపలి గోడకు ఆనుకుంటది, బయటి గోడ వదులైతది. కుడి చీలుతున్నదంటే యాంటీస్కేట్ (ఆర్మ్‌ను బయటికి లాగి పట్టే సర్దుబాటు) తక్కువున్నది, లేదా సూది బరువు తక్కువున్నది, లేదా రెండూ.

వరుస తప్పకుండ చెయ్యి:

బరువు ఫస్టు. ఈ కార్ట్రిడ్జ్‌కు 1.8 నుంచి 2.2 గ్రాములు, నడిమిట్ల 2.0 పెట్టు. ఆర్మ్ మీది అంకెల చక్రాన్ని నమ్మకు, 0.01 గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా కొను. కాటా ప్లేటు ఎత్తులనే ఉండాలె, ఎత్తుగ పెడితే లెక్క మారుతది. దాని పళ్ళెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం లాగి తప్పు బరువు చూపిస్తది.

తర్వాత ఓవర్‌హ్యాంగ్, అంటే సూది ప్లేటు మధ్య కడ్డీని దాటి ఎంత ముందుకుండాలె అన్న లెక్క. కాగితం ప్రొట్రాక్టర్, అదే సూది కోణం చూసే గీతల పటం, ప్రింట్ తీస్కో. నూటికి తొంభై మంది ఇక్కడనే బోర్లా పడ్తరు: ప్రింటర్ ‘పేజీకి సరిపెట్టు’ అని దాన్ని కుదిస్తది. స్కేలుతో కొలువు. 100 మిల్లీమీటర్ల గీత 97 ఉన్నదంటే ఆ కాగితం చెత్తబుట్టకే. కార్ట్రిడ్జ్ ముందు 0.5 పెన్సిల్ ములికి ఒకటి అడ్డంగ అంటిస్తే, అది గళ్ళ గీతలకు సమాంతరంగ ఉన్నదో లేదో కంటికి తెలుస్తది. స్క్రూలు బిగించేటప్పుడు సూది మీద మూత ఉండాలె. తీసి బిగిస్తే స్క్రూడ్రైవర్ జారినప్పుడు సూది ఖర్చు.

యాంటీస్కేట్ ఆఖరిది. సూది బరువెంతో ముందుగాల అంతే పెట్టు. కుడి ఇంకా చీలితే అర గీత పెంచి విను.

హెడ్‌ఫోన్_సుబ్బు (బెంగళూరు)

ప్రొట్రాక్టర్ అన్నారు గానీ ఏ లెక్కదో చెప్పలేదు. బేర్‌వాల్డ్ అయితే కోణం తప్పు సున్నా అయ్యే చోట్లు ప్లేటు మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. దగ్గర. స్టీవెన్సన్ అయితే 60.3, 117.4. స్టీవెన్సన్ చివరి పాటని కాపాడుతుంది, బదులుగా మధ్య పాటల్లో తప్పు కాస్త పెరుగుతుంది. ‘బైక్’ కోసమే అయితే స్టీవెన్సన్.

గాడిలో_ముల్లు

ఒక్క పాట కోసం ఉన్న ప్లేట్లన్నిటికీ కోణం మార్చుడా సుబ్బూ? సింఫనీలు వినేటోళ్ళకు స్టీవెన్సన్‌ల అర్థమున్నది, వాళ్ళ గోల అంతా చివర్లనే. రాక్ ఎల్పీలకు బేర్‌వాల్డ్ చాలు. ‘బైక్’ పాడే దగ్గర 66 పెద్ద దూరమేం కాదు.

మోనోరావు (రాజమండ్రి)

సెట్టింగు సంగతి ముల్లుగారు చెప్పేశారు, ఇక నేను చెప్పేది లేదు. మోనో ప్రశ్నకి వస్తానండి.

ఈ రికార్డుకి రెండు వేర్వేరు మిక్సులు (గొంతు, వాయిద్యాలు కలిపిన తీరు) ఉన్నాయి. ఇది ముందు మనసులో పెట్టుకోవాలి. 1967లో ఇంగ్లండులో కుర్రాళ్ళ ఇళ్ళలో ఉన్నవి ఎక్కువగా మోనో పెట్టెలే, పాప్ ఎల్పీకి మోనోయే పెద్ద కొడుకు. ఆబీ రోడ్డులోని ఈఎమ్ఐ స్టూడియోలో నాలుగు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. నిర్మాత నార్మన్ స్మిత్, అంతకుముందు 1965 దాకా బీటిల్స్‌కి ఇంజనీరుగా చేసినాయన. ఇంజనీరు పీటర్ బౌన్. పక్క స్టూడియోలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ చేస్తున్న రోజులవి. ఆగస్టులో కొలంబియా లేబుల్ మీద బయటికొచ్చినప్పుడు మోనోకి ఎస్ఎక్స్ 6157, స్టీరియోకి ఎస్‌సీఎక్స్ 6157 అని రెండు నంబర్లు.

మోనోలో అంతా ఒకే ముద్దగా మీదికి వస్తుంది. ‘లూసిఫర్ సామ్’లో బాసు, గిటారు ఒకదాన్నొకటి తోసుకుంటూ నడుస్తాయి. స్టీరియోలో అవే చెరో మూలా కూర్చుంటాయి. కలలో ఉన్నట్టు ఉండే సంగీతం కదా, విడదీసి చూపిస్తే మేలుకున్నట్టు ఉంటుంది నాకైతే.

కొత్తగా కొనాలంటే 2018 రికార్డ్ స్టోర్ డేకి (ప్లేట్ల కొట్ల పండగ రోజు) వచ్చిన మోనో ఎల్పీ వెతకండి. 1967 మోనో మిక్సునే జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంటే, బెర్నీ గ్రండ్‌మన్ రీమాస్టర్ చేశారు. ప్లేటుతో పనిలేదు, వింటే చాలు అనుకుంటే 2007 నాటి 40 ఏళ్ళ సీడీ సెట్టులో రెండు మిక్సులూ ఉన్నాయి.

ఇంకో మాట. మోనో కొన్నంత మాత్రాన ‘బైక్’ దగ్గర గరగర పోదు. అదే చోట, అదే ఇరుకు.

హెడ్‌ఫోన్_సుబ్బు

రావుగారూ, మిగతా వాటిలో మీతో వాదన లేదు గానీ ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ మాత్రం స్టీరియోకే. 9 నిమిషాల 41 సెకన్ల పాట. ఒక టేకు మీద ఇంకో టేకు వేసి కలిపారు. చివర్లో అసలు వరుస తిరిగొచ్చేటప్పుడు శబ్దం మొత్తం ఈ చెవిలోంచి ఆ చెవిలోకి ఊయల ఊగుతుంది. మోనోలో ఆ ఊయలే లేదు. హెడ్‌ఫోన్‌లో వినేవాడు మోనో ఒక్కటే కొంటే పండక్కి పులిహోర లేకుండా భోజనం చేసినట్టే.

కొత్తప్లేటు

మరి నా స్టీరియో ప్లేటునే యాంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కి వింటే మోనో అయిపోదా? రెండో ప్లేటు ఖర్చు తప్పుతుందని.

మోనోరావు

అవదండి. రెండు చానెళ్ళూ కలిపితే వచ్చేది ‘కలిపిన స్టీరియో’. మధ్యలో పెట్టిన గొంతు, డ్రమ్సు పక్కల వాటికన్నా పైకి లేస్తాయి, పక్కనున్న ఆర్గన్ వెనక్కి పోతుంది. ఎకో ఎంత, ఏది ఎక్కడ తగ్గించాలి అని 1967లో కూర్చుని తేల్చిన లెక్క అందులో ఉండదు.

మోనో బటన్ అసలు ఉపయోగం మోనో ప్లేటుకి. మోనో గాడిలో పాట మొత్తం అడ్డంగా, అంటే పక్కలకే కదులుతుంది. నిలువుగా కదిలేదంతా దుమ్ము, ప్లేటు వంకర, మోటారు గుర్రు. రెండు చానెళ్ళు కలిపితే ఆ నిలువు కదలిక ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. చిటపట సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది చెవికి.

బటన్ లేనివాళ్ళు వై కేబుళ్ళు రెండు వాడతారు. రెండిట్లోంచి ఒకటి, మళ్ళీ ఒకటిలోంచి రెండు. అవి టర్న్‌టేబుల్‌కి, ఫోనో ప్రీయాంప్‌కి (సూది నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే పెట్టె) మధ్యనే పెట్టాలి. ప్రీయాంప్ తర్వాత పెట్టి రెండు అవుట్‌పుట్‌లనీ నేరుగా ముడేస్తే ఒకదాని మీదికి ఒకటి కరెంటు తోసుకుంటాయి. శబ్దం పాడవుతుంది, పాత ప్రీయాంప్ అయితే వేడెక్కిపోతుంది కూడా.

నిఖార్సయిన మోనో కార్ట్రిడ్జ్ కొనాలనుకుంటే ఒక జాగ్రత్త. బాగా పాతకాలపు మోనో కార్ట్రిడ్జ్‌ల సూది పైకీ కిందకీ వంగదు. దాన్ని స్టీరియో ప్లేటు మీద పెడితే గాడిని చెక్కేస్తుంది. డెనాన్ డిఎల్-102 లాంటివి నిలువుగా కూడా కదులుతాయి, వాటితో భయం లేదు. అది 3 గ్రాముల బరువు అడుగుతుంది, మీ ఆర్మ్ వెనక గుండు అంత దాకా సర్దగలదో లేదో ముందే చూసుకోండి.

ఎడిసన్_మావయ్య (న్యూజెర్సీ)

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇక్కడి పాత ప్లేట్ల కొట్లలో దొరికే టవర్ లేబుల్ ‘పైపర్’ వేరే జంతువు. 1967 అక్టోబరులో వచ్చింది, స్టీరియో నంబరు ఎస్‌టి 5093. ఇంగ్లండు ఎల్పీలో 11 పాటలుంటే దీంట్లో 9. ‘ఆస్ట్రానమీ డామినీ’, ‘ఫ్లేమింగ్’, ‘బైక్’ మూడూ తీసేసి, ‘సీ ఎమిలీ ప్లే’ సింగిల్‌ని మొదట్లో పెట్టారు. వరుస కూడా మార్చేశారు. ఇంగ్లండు ఎల్పీలో ‘ఇంటర్‌స్టెల్లార్’ తోక పట్టుకునే ‘ద నోమ్’ మొదలవుతుంది. టవర్‌లో ‘ఇంటర్‌స్టెల్లార్’ని రెండో వైపు చివరికి తోసేశారు, ఆ ముడి తెగిపోయింది. గుర్తుకోసం కొనుక్కోవచ్చు, వినడానికి మాత్రం కాదు.

తక్కువ ఖర్చులో కావాలంటే 1973 నాటి జంట ఎల్పీ ‘ఎ నైస్ పెయిర్’ ఉంది: తొలి రెండు ఆల్బమ్‌లూ కలిపి. ఇంగ్లండు ప్రతి తీసుకోండి. అమెరికా ప్రతిలో ‘ఆస్ట్రానమీ డామినీ’ స్టూడియోది తీసేసి, ‘ఉమ్మగుమ్మా’లోని కచేరీ రికార్డింగు పెట్టారు. అట్ట మీద చూస్తే తెలీదు, సూది పెడితేగానీ బండారం బయటపడదు.

ఇంకోటి. ఇక్కడ కొన్న స్పీడు చూసే గీతల చక్రాన్ని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు వినండి. ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసే స్ట్రోబ్ కాగితం 33⅓కి మన దగ్గర 50 హెర్ట్జ్‌లో 180 గీతలు, ఇక్కడ 60 హెర్ట్జ్‌లో 216 గీతలు. ఇక్కడి కాగితం అక్కడ పెడితే, స్పీడు సరిగ్గా ఉన్నా గీతలు పరిగెడుతూనే ఉంటాయి. బాగున్న మోటారు స్క్రూ తిప్పేసి పాడుచేసుకోవద్దు.

కొత్తప్లేటు

స్పీడు మాట వచ్చింది కాబట్టి: ‘చాప్టర్ 24’లో ఆర్గన్ అలలాగా ఊగుతోంది. ఇది కూడా నా మిషన్ తప్పేనా?

గాడిలో_ముల్లు

ఆర్గన్ విని స్పీడు తేల్చకు. సిడ్ బారెట్ గిటారైనా, రిక్ రైట్ ఫర్ఫీసా ఆర్గనైనా బిన్సన్ ఎకోరెక్ గుండ పోయొచ్చే శబ్దం. అందుల టేపు ఉండదు, తిరిగే లోహపు డ్రమ్ము మీద శబ్దం రాసి మళ్ళ చదువుతది. ఆ ఊగుడు రికార్డింగ్‌లనే ఉన్నది. పరీక్షకు మొదటి వైపు ‘పవ్ ఆర్ టాక్ హెచ్’ల పియానో వచ్చే చోటు పెట్టు. పియానో ఊగకూడదు. ఊగితే అప్పుడు అనుమానపడాలె.

పియానో కూడా ఊగితే హెడ్‌షెల్‌ను, అదే ఆర్మ్ కొసకు కార్ట్రిడ్జ్ బిగించే చోటును, పక్కనుంచి చూడు. ప్లేటు ఒక చుట్టు తిరిగేలోపు ఆర్మ్ కుడికీ ఎడమకీ ఊగుతున్నదంటే మధ్య రంధ్రం పక్కకు పడ్డది. అర మిల్లీమీటరు పక్కకు పడ్డా, 70 మి.మీ. దగ్గర స్పీడు 0.7 శాతం అటూ ఇటూ అయితది. చెవికి తెలుస్తది. ఇది అచ్చు లోపం, నువ్వు సరిచేసేది కాదు, వీడియో తీసి కొన్న చోటుకు తిరిగి పంపు. రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసి చేతితో మధ్యకు సర్దే మొనగాళ్ళున్నరు, ఆ తర్వాత వాపసు తీస్కోరు మరి.

లోపం కానివి ఇంకో రెండు చెప్తా, ప్రతి కొత్తోడూ అడుగుతడు. ‘ఆస్ట్రానమీ డామినీ’ మొదట్ల ఫోన్ల మాట్లాడినట్టు వచ్చేది మెగాఫోన్ల పీటర్ జెన్నర్ గొంతు, వాళ్ళ మేనేజర్. అది అట్లనే ఉంటది. ‘బైక్’ చివర్ల బాతులు అరిచినట్టు అదే ముక్క మళ్ళ మళ్ళ వస్తది, సూది ఇరుక్కున్నదని పరిగెత్తి ఎత్తకు. టేపు లూపు అది.

తడిగుడ్డ (కాకినాడ)

ఇన్ని చెప్పారు, ప్లేటు కడిగారా అని ఒక్కరూ అడగలేదు. కొత్త ప్లేటైనా కడగాలి. అచ్చులోంచి వచ్చిన పొడి, కాగితపు కవరు నూగు లోపలి గాడిలో కూడా ఉంటాయి.

800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 200 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఫొటోలు కడిగేవాళ్ళు వాడే వెట్టింగ్ ఏజెంట్ 5 చుక్కలు. అంతకు మించి వేస్తే ఎండాక పొర మిగిలి సూదికి జిగురులా చుట్టుకుంటుంది. మెత్తని బ్రష్షుతో గాడి వెంటే తిప్పాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఎక్కువమంది ఈ రెండో కడుగు ఎగ్గొడతారు, తర్వాత చిటపట పెరిగిందని నన్ను తిడతారు. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్ళు వద్దే వద్దు, మన తీరం నీళ్ళలో ఉప్పు గాడిలోనే పేరుకుంటుంది. తాతగారి 78ల మీద మాత్రం ఈ మందు పొయ్యకండి, అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కి కరుగుతాయి.

ఆరాక పాత కాగితం కవరులో మళ్ళీ దోపొద్దు. పాలిథీన్ లోపలి కవరు వేయండి. పీవీసీ కవరైతే వేడికి ప్లేటు మీద మబ్బులాంటి మరక వేస్తుంది, అది కడిగినా పోదు.

ఎడిసన్_మావయ్య

రావుగారూ, 1967 అసలు ప్రతి అని అమ్ముతున్నదాన్ని ఎలా పోల్చుకోవాలి? కుర్రాళ్ళు అడుగుతున్నారు.

మోనోరావు

అట్టతో మొదలుపెట్టండి. ముందు వైపు మెరిసే పొర అంటించి ఉంటుంది, ఆ అంచులు వెనక్కి మడిచి వెనక అట్ట మీద అతికించి ఉంటాయి. విక్ సింగ్ తీసిన ఫొటో: నలుగురూ పట్టకంలోంచి చూసినట్టు ఒకరి మీద ఒకరు పరుచుకుని ఉంటారు. నకళ్ళలో తేలిపోయేది ఇక్కడే, ముఖాల అంచులు పిండి పిండిగా ఉంటాయి. వెనక వైపు నీడ బొమ్మ సిడ్ గీసింది.

లేబుల్ నీలం, నలుపు కొలంబియా. దాని మీద ‘సోల్డ్ ఇన్ యూకే’ అని మొదలయ్యే ధర షరతుల వాక్యం ఉండాలి. 1969 తర్వాత ఈఎమ్ఐ లేబుళ్ళ మీద ఆ వాక్యం పోయింది. నలుపు మీద వెండి అక్షరాలు, పెట్టెలో ఈఎమ్ఐ గుర్తు ఉంటే అది తర్వాతి అచ్చు.

ఇప్పుడు దీపం పక్కనుంచి పడేలా పట్టుకుని లేబుల్ చుట్టూ నల్లటి జాగా చూడండి. 6 గంటల స్థానంలో మ్యాట్రిక్స్ నంబరు, మోనోకి ఎక్స్ఏఎక్స్ అని, స్టీరియోకి వైఏఎక్స్ అని మొదలవుతుంది. 9 గంటల దగ్గర ఒక అంకె, అది మదర్, అంటే స్టాంపర్లని తీసే మూల పలక. 3 గంటల దగ్గర అక్షరాలు, అవి స్టాంపర్, అంటే ప్లేటుని ఒత్తే లోహపు అచ్చు. వాళ్ళ అంకెల రహస్యం ‘గ్రామోఫోన్ లిమిటెడ్’ పొట్టి రూపం: జి 1, ఆర్ 2, ఎ 3, ఎమ్ 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి సున్నా. ఆర్ఎ అని ఉంటే 23వ స్టాంపరన్నమాట. చిన్న సంఖ్య అంటే తొందరగా అచ్చయింది, అంతే. 1967లో పార్టీల్లో మొద్దు సూదితో అరిగిన ‘జి’ కన్నా, పెట్టెలో పడున్న ‘ఆర్ఎ’ మేలు. అమ్మేవాడు ‘బైక్’ వినిపించనంటే డబ్బులు తియ్యకండి.

కొత్తప్లేటు

చేసిన పని: కాటాలో బరువు 1.62 గ్రాములు వచ్చింది, చక్రం మాత్రం 2 చూపిస్తోంది. 2.0కి తెచ్చాను. ప్రొట్రాక్టర్‌లో సూది 2 మి.మీ. వెనక్కి ఉంది, ముందుకు జరిపి బేర్‌వాల్డ్‌కి పెట్టాను. యాంటీస్కేట్ సున్నా మీద ఉంది, 2కి పెట్టాను. రెండు కడుగులూ కడిగాను. కుడివైపు చీలడం పోయింది. ‘స’ మాత్రం ‘బైక్’లో ఇంకా కొద్దిగా పళ్ళ మధ్యలోంచి వస్తోంది. 180 గ్రాముల ప్లేటు మందం వల్ల ఆర్మ్ వెనక ఎత్తు పెంచాలా?

గాడిలో_ముల్లు

అక్కర్లేదు. 230 మి.మీ. ఆర్మ్‌కు వెనక ఒక మిల్లీమీటరు ఎత్తు మారిస్తే కోణం పావు డిగ్రీ మారుతది. ప్లేటు మారినప్పుడల్లా దాన్ని తిప్పేటోళ్ళు ఇష్టం కొద్దీ తిప్పుకుంటున్నరు.

మిగిలిన ‘స’ ఆ సూది హద్దు. విఎమ్95 సిరీస్‌ల బాడీ అందరికీ ఒక్కటే, సూది ముక్క ఒక్కటే మారుతది. మైక్రోలీనియర్ సూది, అదే ఎమ్ఎల్, తీస్కో. కొన పక్క అంచు 3 మైక్రాన్లు, ఇరుకు మలుపులల్ల దూరుతది. ఎలిప్టికల్‌కు 300 గంటల ఆయుష్షని వాళ్ళే చెప్తరు, ఎమ్ఎల్‌కు 1000. ఖరీదు ఎక్కువైనా గంటల లెక్కల పెద్ద తేడా రాదు. మార్చేటప్పుడు ఆర్మ్‌ను దాని కొక్కేనికి కట్టేసి, సూది ముక్కను ముందుకు వంచి కిందికి లాగు. కొత్తది ఎక్కినంక ప్రొట్రాక్టర్ మళ్ళ ఒక్కసారి చూడు, ఎమ్ఎల్ కోణం తప్పును ఎలిప్టికల్ అంత ఓర్వదు.

తడిగుడ్డ

పాత సూదిని పారెయ్యకండి. సెకండ్‌హ్యాండ్ ప్లేటు కడక్కముందు ఎలా ఉందో వినడానికి పనికొస్తుంది.